రంగూన్‌లో కరెంటు పొయ్యి

(మహాసభల సాంకేతిక వేదిక మీద చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి సాఫ్ట్‌వేర్. చదివింది మాత్రం ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. మన తరంలో ఇది మామూలే. నాలుగేళ్ళపాటు మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ చదివేసి, ఆ తర్వాత కీబోర్డు ముందు స్థిరపడ్డవాళ్ళు ఈ హాల్లోనే ఓ యాభై మంది ఉంటారని నా అంచనా. నిర్వాహకులు మొదట నన్ను క్లౌడ్ గురించి మాట్లాడమన్నారు. మబ్బుల గురించి మాట్లాడటానికి ఇప్పటికే నలుగురున్నారు కదా, నేను పొయ్యి గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత "సరేనండీ, అయితే భోజనాల ముందు వేస్తాం" అన్నారు. కాబట్టి మీరు ఆకలితో ఉన్నారని తెలుసు. సాగదీయను.

కరెంటు పొయ్యి గురించి నాకు పాఠం చెప్పిన ఊరు రంగూన్. 1989 నుంచి దాని అధికారిక నామం యాంగోన్, మన పెద్దవాళ్ళ నోట మాత్రం ఇప్పటికీ రంగూనే. 2013లో అక్కడి ప్రభుత్వం నార్వే వారి టెలినార్‌కూ, ఖతార్ వారి ఊరెడూకూ మొబైల్ లైసెన్సులిచ్చింది. 2014లో పదిహేను వందల చాట్లకే సిమ్ కార్డు దొరకడం మొదలయ్యాక ఊరంతా ఒక్కసారిగా ఫోన్లు పట్టుకుంది. చాట్ అంటే వాళ్ళ రూపాయి. ఆ హడావిడిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పని మీద హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. అయిదేళ్ళున్నాను.

మాకంటే ఎంతో ముందే వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడున్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. ఓడరేవులో మూటలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరుమీద వాళ్ళను కోరంగీలు అనేవారు. 1942లో జపాను బాంబులకు భయపడి లక్షల మంది నడిచి వచ్చేసిన సంగతి మీలో కొందరి తాతలే చెప్పి ఉంటారు. రానివాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పుడు బర్మా పేర్లతో, బర్మా భాషతో అక్కడే ఉన్నారు. నేనున్న పాత బిల్డింగులో నాలుగో అంతస్తులో అలాంటి మామ్మగారొకరు ఉండేవారు. ఆవిడ మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు, మధ్యలో బర్మా ముక్కలు. తెలుగు రాయడం, చదవడం రాదు. నన్ను "బాబూ" అనేవారు.

ఆ బిల్డింగులకు లిఫ్టు ఉండదు. ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. తాడు చివర క్లిప్పుకు తాళంచెవి గానీ పేపరు గానీ తగిలిస్తే పైకి లాక్కుంటారు. నేను ఆవిడ ఇంటికి రిపేరుకు వెళ్ళిన ప్రతిసారీ ఓ అరడజను స్క్రూలో, కనెక్టరో ఆ తాడు మీదే పైకి వచ్చేవి.

ఇంకో మాట చెప్పాలి, ఇది నాకు భలే నచ్చింది. బర్మా భాషలో నిప్పును "మీ" అంటారు. కరెంటును కూడా వాడుకలో "మీ" అనే అంటారు. కరెంటు పోతే "మీ ప్యెట్", వస్తే "మీ లా బీ". చీకటి వీధిలో దీపాలు వెలగగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "మీ లా బీ" అని అరుస్తారు. అంటే "నిప్పు వచ్చింది" అని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కరెంటు పొయ్యిల సంగతి తెలిశాక ఆ మాటలో ఎంత నిజముందో అర్థమయింది.

ఇప్పుడు మామ్మగారి పొయ్యి. అది రెండు చుట్టల కరెంటు పొయ్యి. రేకు ఒళ్ళు, ఒక్కో చుట్టా వెయ్యి వాట్లు, రెండు పిన్నుల ప్లగ్గు. 2016 జూలై. రంగూన్‌లో ఏడాదికి రెండున్నర మీటర్లకు పైగా వాన పడుతుంది, అదీ దాదాపు అంతా మే నుంచి అక్టోబరు లోపల. గోడలు చెమరుస్తాయి, ఉప్పు నీరవుతుంది, చెప్పుల మీద బూజు పడుతుంది. ఆ రోజుల్లో మామ్మగారు నన్ను పిలిచి చెప్పిన ఫిర్యాదు ఇది: "ఈ పొయ్యి కరుస్తాది బాబూ. వెలిగించినప్పుడు ఏటీ అనదు. ఆర్పేసి ఉన్నప్పుడే కరుస్తాది."

ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆర్పితే షాకు కొట్టి, వెలిగిస్తే కొట్టని పొయ్యి ఎక్కడైనా ఉంటుందా? ఆవిడకు వయసు మీద పడింది, చేతుల తిమ్మిర్లేమో అన్నారు. ఆవిడ మాత్రం తన లెక్కలో తానుండి, చెక్క పీట మీద నిలబడి వంట చేసుకుంటున్నారు. ఏ ఇంజనీరింగ్ కాలేజీకీ పోకుండా ఆవిడ కనిపెట్టిన ఇన్సులేషన్ అది.

సాఫ్ట్‌వేర్‌లో మాకొక అలవాటుంటుంది. ప్రోగ్రాము తప్పు చేస్తే ముందు లాగ్ చదువుతాం. వంటింట్లో లాగ్ అంటే వంట చేసే మనిషి. ఎప్పుడు, ఏ చేత్తో, ఏది ముట్టుకుంటే, అంతకు ముందు ఏం చేశారు, ఇవన్నీ ఆవిడకు తెలిసినట్టు ఏ మీటరుకూ తెలియవు. నేను అడిగాను, "మామ్మగారూ, ఇది మొదటినుంచీ ఇలాగే ఉందా?" అప్పుడు అసలు విషయం బయటపడింది. జూన్‌లో వెలిగించినప్పుడు కరిచేదిట, పప్పు ఉడికే వేళకు ఊరుకునేదిట. ఇంట్లో ఎవరో ప్లగ్గు తిప్పి పెట్టి చూశారు. రెండు పిన్నుల ప్లగ్గు కదా, ఎటైనా పడుతుంది. ఆ రోజు నుంచి వెలిగించినప్పుడు కరవడం మానేసింది. తెల్లవారి లేచి, వెలిగించే ముందు తడిగుడ్డతో తుడవబోతే కరవడం మొదలుపెట్టింది.

కాస్త ఓపిక పట్టండి, ఇది చెబితే సగం ప్రసంగం అయిపోయినట్టే.

ఆ చుట్ట లోపల ఏముంటుంది? మధ్యలో నైక్రోమ్ తీగ. దాని చుట్టూ గట్టిగా దట్టించిన తెల్లటి పొడి, మెగ్నీషియం ఆక్సైడ్. పైన లోహపు గొట్టం. ఆ పొడి గొప్పతనం ఏమిటంటే వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. దాని బలహీనత ఒక్కటే, గాలిలో తేమను పీల్చుకుంటుంది. చుట్ట కొసల్లో ఉండే బిరడా వదులైతే వానాకాలంలో ఆ కొస నుంచి తేమ లోపలికి పాకుతుంది. తడిసిన పొడి కరెంటును గొట్టంలోకి, అక్కణ్ణుంచి పొయ్యి ఒంట్లోకి వదులుతుంది. అరగంట కాలితే తేమ ఆవిరై మళ్ళీ పొడి పొడిగా మారుతుంది. "పప్పు ఉడికే వేళకు ఊరుకుంటుంది" అన్నమాటకు అర్థం అదీ.

మామ్మగారి పొయ్యిలో ఒక చుట్టకు తడిసిన కొస స్విచ్చి వైపున ఉంది. రెండో కొస నేరుగా ప్లగ్గుకు పోతుంది. ప్లగ్గు మొదటిలాగా ఉన్నప్పుడు ఫేజు స్విచ్చి గుండా ఆ తడి కొసకు వచ్చేది. కాబట్టి స్విచ్చి వేస్తే కరిచేది. ప్లగ్గు తిప్పాక స్విచ్చి న్యూట్రల్ దారిలో పడింది. వెలుగుతున్నప్పుడు తడి కొస న్యూట్రల్ దగ్గర ఉంటుంది, అక్కడ వోల్టేజి ఉండదు కాబట్టి కరవదు. స్విచ్చి ఆపేశారనుకోండి, తెగింది న్యూట్రల్ మాత్రమే. ఫేజు రెండో కొస నుంచి చుట్ట పొడుగునా వచ్చి తడి కొస దాకా నిలబడి ఉంటుంది. పొయ్యి చల్లగా, ఎర్రదనం లేకుండా, ఆగిపోయినట్టు కనిపిస్తూ 230 వోల్టుల మీద కూర్చుని ఉంటుంది. రాత్రంతా తేమ పీల్చుకుని, తెల్లవారి తడిగుడ్డ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

టెలికాం టవర్ల పని చేసే మిత్రుడి దగ్గర మెగ్గర్ అడిగి తెచ్చాను. ఇన్సులేషన్ కొలిచే మీటరు అది, 500 వోల్టులు పెట్టి చూస్తుంది. ఇలాంటి చుట్టకు కనీసం ఒక మెగా ఓమ్, అంటే పది లక్షల ఓములు చూపిస్తే సరేననుకోవచ్చు. అది చూపించింది నలభై వేలు. 230 వోల్టుల మీద అది దాదాపు 6 మిల్లీ ఆంపియర్లు కారుతుందని అర్థం. మనిషి ఒంటికి ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర చురుక్కుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్న చెయ్యి వదలదు. ముప్ఫై దాటి కాసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పుతుంది. తేమ ఇంకాస్త పాకితే ఆరు ముప్ఫై కావడం ఎంతసేపు? మధ్యలో ఉన్నది ఆ చెక్క పీట ఒక్కటే.

చుట్ట మార్చాం, అది పెద్ద పని కాదు. అసలు సమస్య పొయ్యిలో లేదు, గోడలో ఉంది. ఆ బిల్డింగులో గోడలోంచి వచ్చేవి రెండే వైర్లు. ఎర్తు అన్నదే లేదు. ఎర్తు ఉండి ఉంటే జూన్‌లో కారిన మొదటి మిల్లీ ఆంపియరు భూమిలోకి పోయేది, మామ్మగారి చేతిలోకి కాదు.

ఎర్తు లేనప్పుడు జనం రెండు పనులు చేస్తారు, రెండూ ప్రాణాంతకమే. ఒకటి, పొయ్యి ఒంటి నుంచి వైరు తీసి నీళ్ళ పైపుకు చుట్టడం. పైపు మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, కరెంటు భూమిలోకి దిగదు, మూడో అంతస్తులో స్నానం చేస్తున్నవాడి కుళాయిలోకి పోతుంది. రెండోది ఇంకా తెలివైన పని. న్యూట్రల్ ఎలాగూ భూమితో సమానమే కదా అని న్యూట్రల్‌నే పొయ్యి ఒంటికి కట్టడం. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఇది పనిచేస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫేజు చుట్టలోంచి వచ్చి మొత్తం 230 వోల్టులూ రేకు మీద నిలబడతాయి. ఇక రెండు పిన్నుల ప్లగ్గయితే తిప్పి పెట్టినా చాలు, తెగనక్కర్లేదు.

మేం చేసింది ఇది. ముందు ఆవిడ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఇ.ఎల్.సి.బి. పెట్టించాం. వెళ్ళే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. తేడా ముప్ఫైకి చేరేలోగా, కన్నుమూసి తెరిచేలోగా తెంచేస్తుంది. ఎర్తు వైరు లేని ఇంట్లో కూడా ఇది పనిచేస్తుంది. మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోయిన కరెంటే దానికి కనబడే తేడా. ఒక చేత్తో ఫేజు, ఒక చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి మాత్రం ఇదీ కాపాడలేదు. తర్వాత బిల్డింగు వెనక సందులో ఎర్తు రాడ్డు దింపించి వైరు పైకి లాగించాం. దానికి మిగతా అంతస్తులవాళ్ళు ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది, రాడ్డు పాతడానికి మూడు గంటలు. రాడ్డు వేశాం కదా, ఇ.ఎల్.సి.బి. ఎందుకని ఒకాయన వాదించారు. ఒక్క రాడ్డు నిరోధం ఇరవై ఓములుంటే దాంట్లోంచి పోయేది పదకొండున్నర ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఫ్యూజు దాన్ని చూసి చలించదు. రెండూ ఉండాలి.

షాకు సంగతి అయింది. రంగూన్‌లో దానికంటే నాకు ఎక్కువ భయం కలిగించిందొకటుంది. వచ్చే కరెంటు.

ఆ దేశంలో కరెంటులో పెద్ద వాటా జలవిద్యుత్తుది. జపాను యుద్ధ పరిహారం డబ్బుతో కయా రాష్ట్రంలో కట్టిన లోపిత కేంద్రం 1960లో మొదలై, ఎంతో దూరం నుంచి రంగూన్‌కు కరెంటు పంపింది. నీళ్ళు తగ్గే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే ఎండ మండుతుంది, అందరూ ఏసీలు వేస్తారు, కరెంటు పోతుంది. నేనున్న రోజుల్లో అది చెప్పకుండా పోయి, చెప్పకుండా వచ్చేది. 2021లో సైన్యం అధికారం తీసుకున్నాక పరిస్థితి ఇంకా దిగజారి, గంటల లెక్కన వంతులు వచ్చాయి. 2023లో మామ్మగారి మనవరాలు ఫోనులో చెప్పింది, నాలుగు గంటలు ఇస్తే నాలుగు గంటలు తీస్తున్నారని. కరెంటు వచ్చినప్పుడే వంట, అది అర్ధరాత్రయినా సరే.

ఇప్పుడు ఊహించండి. చుట్ట మీద నూనె మూకుడు. కరెంటు పోయింది. చుట్ట చల్లారింది, ఎర్రదనం పోయింది, చూడటానికి పొయ్యి ఆర్పేసినట్టే ఉంది. నాబ్ మాత్రం ఫుల్ మీదే ఉంది. చీకట్లో ఉక్కపోతకు ఇంటిల్లిపాదీ కిందికి దిగి వీధిలో కూర్చున్నారు. గ్యాసు పొయ్యి అయితే మంట కనిపిస్తుంది, కట్టెల పొయ్యి అయితే పొగ వస్తుంది. కరెంటు పొయ్యి ఆరిందో, ఆగి ఉందో కళ్ళకు తెలియదు. రెండు గంటల తర్వాత పిల్లలు "మీ లా బీ" అని అరుస్తారు. నాలుగో అంతస్తులో ఎవరూ లేని వంటింట్లో నిజంగానే నిప్పు వస్తుంది.

అందుకని మా బిల్డింగులో తెలుగువాళ్ళకూ బర్మావాళ్ళకూ నేను పదేపదే చెప్పింది ఒకటే. కరెంటు పోగానే కొవ్వొత్తి వెతకడానికి ముందు పొయ్యి నాబ్ ఆపండి, ప్లగ్గు గోడలోంచి లాగేయండి. ఒక్క లైటు స్విచ్చి మాత్రం వేసి ఉంచండి, కరెంటు వచ్చిన సంగతి అది చెబుతుంది. వచ్చాక కూడా అయిదు నిమిషాలాగి పొయ్యి పెట్టండి. వీధి వీధంతా ఒక్కసారే ఏసీలూ పొయ్యిలూ మోటార్లూ మొదలుపెడుతుంది, ఆ మొదటి నిమిషాల్లో వోల్టేజి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ప్లగ్గు ఎందుకు, నాబ్ చాలదా అంటారా? మామ్మగారి స్విచ్చి కథ ఇప్పుడే విన్నారు కదా. స్విచ్చి ఏ వైరును తెంచుతుందో మీకు తెలియదు. ప్లగ్గు బయటికొస్తే రెండూ తెగుతాయి.

పొయ్యి విప్పేవాళ్ళకు ఇదే సంగతి మరో రకంగా చెప్పాలి. కరెంటు లేదు కదా, ఇదే మంచి సమయమని స్క్రూడ్రైవరు తీసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అంతకంటే చెడ్డ సమయం ఇంకోటి లేదు. కరెంటు ఉన్నప్పుడు మనం జాగ్రత్తగా ఉంటాం, తీసేశామో లేదో చూసుకుంటాం. లేనప్పుడు ఆ ధ్యాసే ఉండదు, అది మాత్రం ఏ క్షణంలోనైనా వస్తుంది. పైగా వీధి చీకటిగా ఉన్నంత మాత్రాన మీ వైర్లు చచ్చిపోయాయని కాదు. కింది అంతస్తు షాపతను తన చిన్న జనరేటర్ని రెండువైపులా మగ పిన్నులున్న వైరుతో గోడ సాకెట్‌లోకే దూర్చి ఉండవచ్చు. అది అతని బల్బుతో పాటు మీ బోర్డునూ వెలిగిస్తుంది. విప్పాలంటే ముందు ప్లగ్గు లాగి, ఆ ప్లగ్గును మీ కళ్ళ ముందు బల్ల మీద పెట్టుకోండి. గోడకు నేరుగా కట్టిన పొయ్యి అయితే మెయిన్ ఆపి, బోర్డు మీద కాగితం అంటించి, ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆపేశాక కొలవాలి. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టరును నమ్మకండి. అది వెలగనంత మాత్రాన కరెంటు లేదని కాదు, కొన్నిసార్లు ఏమీ లేకపోయినా మిణుకుమంటుంది. మల్టీమీటరు తీసుకుని ముందు పనిచేస్తున్న సాకెట్లో పెట్టి అది సరిగా చూపిస్తోందో లేదో చూసుకోండి. తర్వాత పొయ్యి మీద కొలవండి. మళ్ళీ అదే సాకెట్లో కొలవండి. మధ్యలో మీటరు బ్యాటరీ చచ్చిపోయి సున్నా చూపించలేదని అప్పుడు గానీ రుజువు కాదు. ఇది నా కాలేజీ లాబ్‌లో చెప్పారు. అప్పుడు చాదస్తమనుకున్నాం.

ఇక మిగతా రోగాలు తేలిక. చుట్ట అసలు వేడెక్కడం లేదంటే దాన్ని ఊడదీసి ఓములు కొలవండి. 230 వోల్టుల మీద వెయ్యి వాట్ల చుట్టకు 53 ఓములు, పదిహేను వందలకు 35, రెండు వేలకు 26, అటూ ఇటూగా రావాలి. మీటరు ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది, మార్చడమే. ఓములు సరిగా ఉంటే చుట్ట నిర్దోషి, స్విచ్చిని అనుమానించండి. నాబ్ సిమ్‌లో పెట్టినా ఎప్పుడూ ఫుల్‌గానే మండుతోందంటే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. అలాంటి స్విచ్చి ఆపినా ఆగకపోవచ్చు, ఆ పూటే వాడటం మానేయండి. మార్చేటప్పుడు కొసల్ని సోల్డరుతో అతకకండి, కరిగి ఊడుతుంది. పింగాణీ కనెక్టరు, వేడికి తట్టుకునే సిలికోన్ లేదా గాజునార తొడుగు వైరు వాడండి. మామూలు పీవీసీ వైరు డెబ్భై డిగ్రీల దాకానే.

రంగూన్‌లో అందరి నోటా వచ్చే ఫిర్యాదు "పొయ్యి మెత్తబడింది" అని. అన్నం గంటసేపు ఉడుకుతుంది. పొయ్యి మార్చేస్తారు, కొత్తదీ అంతే. పొయ్యిలో ఏ లోపమూ లేదు. సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో వోల్టేజి 160కి పడిపోతుంది. వోల్టేజి మూడో వంతు తగ్గితే వేడి సగానికి పైగా తగ్గుతుంది. రెండు వేల వాట్ల పొయ్యి 160 వోల్టుల మీద ఇచ్చేది 970 వాట్లే. పొయ్యికి దీనివల్ల హాని లేదు, వంట చేసేవాళ్ళ సహనానికే. స్టెబిలైజరు కొంటే అది ఫ్రిజ్‌కు పెట్టండి, పొయ్యిని దానికి తగిలించకండి. తక్కువ వోల్టేజిని పైకి లాగడానికి స్టెబిలైజరు గోడలోంచి ఇంకా ఎక్కువ కరెంటు గుంజుతుంది, పాత వైర్లు వేడెక్కుతాయి.

వేడెక్కే చోటు ఎక్కడో కూడా చెబుతాను. చూడాల్సింది ప్లగ్గు. వదులైన సాకెట్లో అర ఓము నిరోధం ఉందనుకోండి, రెండు వేల వాట్ల పొయ్యి లాగే 8.7 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 38 వాట్లు. అది ఒక సోల్డరింగ్ ఐరన్. గోడలో ప్లాస్టిక్ మధ్య, కర్టెను పక్కన ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి మరిచిపోయినట్టు. వంటయ్యాక ప్లగ్గును ముట్టుకుని చూడండి. గోరువెచ్చన పర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే, పిన్ను పక్కన గోధుమరంగు మరక ఉంటే, చేపల వాసనలాంటిది వస్తే ఆ సాకెట్ మార్చాలి. పొయ్యిని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకూడదని వేరే చెప్పాలా?

అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఇదంతా ఎక్కడో బర్మా గొడవ అనుకుంటున్నారేమో. న్యూట్రల్‌ను పొయ్యి ఒంటికి కట్టడం గురించి చెప్పాను కదా, మీ రేంజి వెనక అదే పని అధికారికంగా చేసి ఉండవచ్చు. 1996లో అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ మారేదాకా కొత్త ఇళ్ళలో కూడా మూడు పిన్నుల సాకెట్‌తో న్యూట్రల్‌నే రేంజి ఒంటికి కట్టేవారు. ఆ తర్వాత కట్టిన లైన్లకు నాలుగు వైర్లు, న్యూట్రల్ వేరు, గ్రౌండ్ వేరు. పాత ఇళ్ళలో పాత సాకెట్ అలాగే ఉంటుంది. రేంజి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారినప్పుడు తాడు మారుస్తారు, లోపల న్యూట్రల్‌ను ఒంటికి కలిపే చిన్న రాగి పట్టీని మాత్రం మరిచిపోతారు. నాలుగు వైర్ల ఇంట్లో ఆ పట్టీ తీసేయాలి. మూడు వైర్ల ఇంట్లో అది ఉండాలి, లేకపోతే ఒంటికి ఏ రక్షణా లేదు.

ఇంకొకటి. మీ రేంజిలో గడియారం వెలుగుతూ, బర్నర్లు మాత్రం వేడెక్కకపోతే చుట్టలు కొనడానికి పరుగెత్తకండి. మీకు వచ్చేవి రెండు 120 వోల్టుల ఫేజులు. గడియారానికి ఒకటి చాలు, చుట్టకు రెండూ కావాలి. ఒకటి పోయింది. జంట బ్రేకరును పూర్తిగా ఆపి మళ్ళీ వేసి చూడండి, అప్పటికీ రాకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఓవెన్ లోపలి ఎలిమెంటుకు ఆపి ఉన్నా ఒక కొసలో 120 వోల్టులు నిలిచి ఉండే డిజైన్లు చాలా ఉన్నాయి. మామ్మగారి పొయ్యి లాగే. దాన్ని తుడిచే ముందు, మార్చే ముందు బ్రేకరు ఆపాలి.

ఇండియాకు తిరిగి వెళ్ళేటప్పుడు రేంజిని కంటైనరులో వేసుకుపోదామా అని నిన్న రిజిస్ట్రేషన్ దగ్గర ఒకాయన అడిగారు. చుట్టలు అక్కడ వేడెక్కుతాయి. గడియారం, లైటు, ఫ్యాను మాత్రం 120 వోల్టులవి, వాటికి కావలసిన నడిమి న్యూట్రల్ అక్కడ లేదు. వద్దండీ, అమ్మేసి వెళ్ళండి.

మల్టీమీటరు, పాత చుట్ట ఒకటి కోసి లోపలి పొడి కనిపించేలా చేసింది, రెండూ తెచ్చాను. భోజనాల హాలు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి కూర్చుంటాను. మీ రేంజికి మూడు పిన్నులో నాలుగో గుర్తులేనివాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి, ముందు బ్రేకరు ఆపమని చెప్పి, వెనక ఫొటో తీసి పంపించమనండి. చూసి చెబుతాను.